పదో అడ్మిషన్

కొత్తపేట, ఆత్రేయపురం చుట్టుపక్కల రైతుల్ని మాణిక్యాలరావు ఎవరని అడిగితే కాసేపు బుర్ర గోక్కుంటారు. గింజల మాస్టారు అనండి, "ఆయ్, ఆరా!" అని అరుగు దిగి వచ్చి మరీ చెబుతారు. మనిషికి పెట్టిన పేరు కంటే పడిన పేరే గట్టిది. ఆ పేరు ఆయనకెలా పడిందో, ఆ పేరు పెట్టుకుని ఆయన ఏం చేశాడో రెండూ చెప్పుకోవాలి. ఒకటి చెప్పి రెండోది దాచేస్తే అది మాణిక్యాలరావు కథ అవదు.

వాల్తేరులో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చదివి, ఎనభయ్యారులో ఇంటికొచ్చాడు. కొత్తపేట దగ్గర కాలువ గట్టు మీద ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఉండేది. అందులో పార్ట్ టైమ్ లెక్చరరుగా చేరాడు. పార్ట్ టైమ్ అంటే సగం పని అనుకునేరు. పని నిండుగానే ఉండేది, కుర్చీయే సగం. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల కుర్చీలో ఈయన, వాళ్లొచ్చేస్తే వరండాలో ఈయన. అలా తొమ్మిదేళ్లు గడిచాయి. ఈలోగా భవానీదేవితో పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, సర్కారు ఉద్యోగానికి వయసు దాటిపోయింది.

తొంభై అయిదులో పైవాళ్లకి ఒక మంచి బుద్ధి పుట్టింది. డిగ్రీ చదివిన పిల్లలు కాగితం పట్టుకుని రోడ్ల మీద తిరగకుండా చదువుతోపాటు చేతిపని కూడా నేర్చుకోవాలని, డిగ్రీలో వొకేషనల్ కోర్సులు పెట్టారు. కాలువ గట్టు కాలేజీకి సీడ్ టెక్నాలజీ వచ్చింది. వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, వాటి పక్కన మూడో సబ్జెక్టుగా విత్తనాల చదువు. మొదటి నాలుగేళ్లూ పైనుంచి సాయం, ఆ తర్వాత కాలేజీ నడుపుకుంటే నడుపుకోవచ్చు, లేకపోతే మానుకోవచ్చు. పురుడు పోసి తన దారిన తాను పోయే మంత్రసాని లాంటిదన్నమాట ఆ పథకం. చెప్పేవాళ్లెవరూ లేక ఆ కోర్సు మాణిక్యాలరావుకి దక్కింది. జీవితంలో మొదటిసారి గుమ్మం మీద ఆయన పేరుతో ఒక రేకు బోర్డు వేలాడింది.

ల్యాబ్ అంటే పాత సైకిల్ షెడ్డు. మొలకలు పరీక్షించే మిషను ఒకటి పెద్ద పెట్టెలో వచ్చింది గానీ, కరెంటు పోవడం మొదలయ్యాక అది పుస్తకాలు పెట్టుకునే బీరువాగా స్థిరపడింది. మాణిక్యాలరావు దిగులు పడలేదు. తడిపిన గోనెపట్టా మీద నూరు గింజలు వరసగా పేర్చి, చుట్టచుట్టి, అరటాకు కప్పి నీడన పెట్టించేవాడు. నూరు అంటే నూరే. తొంభై తొమ్మిది పేర్చిన కుర్రాణ్ణి మొదటినుంచీ మళ్లీ లెక్కపెట్టమనేవాడు. రెండు వారాలకి విప్పి, మొలిచినవెన్ని, మొలవనివెన్ని, మొలిచినా మొక్క కాలేనివెన్ని అని మూడు పోగులు పెట్టించేవాడు. ఆ మూడో పోగు దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగేవాడు. మొలక రాగానే మురిసిపోవద్దర్రా, వేరు చూడండి, అనేవాడు.

తొంభై ఆరు నవంబరులో తుఫాను వచ్చినప్పుడు గానీ ఆ చదువు ఎందుకో ఊళ్లకు తెలిసిరాలేదు. కొబ్బరి చెట్లు కూలి పడ్డాయి, కోతకొచ్చిన సార్వా పంట నీళ్లలో నాని కంకి మీదే మొలకెత్తింది. మిగిలిన ధాన్యం రెండో పంటకి, అదే దాళ్వాకి, విత్తనంగా పనికొస్తుందా రాదా అన్నది ఏ రైతుకీ తెలియదు. మాణిక్యాలరావు కబురు పెట్టాడు, గుప్పెడు గింజలు పట్టుకురండి చాలని. రోజుకి పాతిక మంది వచ్చారు. గుడ్డ సంచుల్లో కట్టుకుని కొందరు, కండువా కొంగున ముడేసుకుని కొందరు. ఆయనా, పిల్లలూ సంక్రాంతి దాకా సైకిల్ షెడ్డులోనే ఉన్నారు. పనికొస్తాయంటే రైతు దండం పెట్టి వెళ్లేవాడు. పనికిరావంటే అక్కడే కూలబడేవాడు. అప్పుడు కూడా ఆయన అంకె మార్చి చెప్పలేదు. కాలేజీ కరస్పాండెంటు బుచ్చిరాజు గారు పంపిన గింజలు నూటికి అరవై ఒకటి మొలిస్తే, కాస్త పెంచి చెప్పండి మాస్టారూ, ఊళ్లో అమ్ముకోవాలి అని ఆయన కబురంపితే, మాణిక్యాలరావు అరవై ఒకటే అని కాగితం మీద రాసి పంపాడు. గింజల మాస్టారన్న పేరు అప్పుడు పడింది. ఆయన మాటంటే ఇక వేదవాక్కే.

ఆ సైకిల్ షెడ్డుకి వచ్చిన రైతుల్లో అబ్బులు ఒకడు. ఆత్రేయపురం మనిషి, ఎకరన్నర చేను, ఇరవై కొబ్బరి చెట్లు, ఇద్దరాడపిల్లలు. తన గింజలు పనికొస్తాయన్న మాట మీద ఆ ఏడు దాళ్వా వేసి గట్టెక్కాడు.

తొంభై తొమ్మిదిలో పైనుంచి వచ్చే సాయం ఆగిపోయింది. బుచ్చిరాజు గారు మే నెల మొదట్లో మాణిక్యాలరావుని పిలిచి, మర్యాదగానే, కుర్చీ చూపించి మరీ చెప్పారు. పదిమంది చేరితే కోర్సు ఉంటుంది, తొమ్మిది మంది చేరితే ఉండదు. ఆగస్టు నెలాఖరున యూనివర్సిటీకి వెళ్లే జాబితాలో పది పేర్లుండాలి. కోర్సు లేకపోతే లెక్చరరు ఎందుకుంటాడన్నది ఆయన చెప్పలేదు, చెప్పక్కర్లేదు.

వేసవి వచ్చిందంటే ప్రైవేటు కాలేజీల లెక్చరర్లు పాఠాలు చెప్పే మనుషులు కారు, పిల్లల్ని పట్టుకొచ్చే మనుషులు. క్యాన్వాసింగ్ అంటారు దాన్ని. ఇంటర్ ఫలితాలు రాగానే పాసైన వాళ్ల చిరునామాలు సంపాదించి, రంగు కాగితాలు సంచీలో వేసుకుని, ఊరూరా తిరిగి గుమ్మాలెక్కాలి. ఒకే అరుగు మీద మూడు కాలేజీల వాళ్లు ఎదురెదురు కూర్చుని, ఒకరి మజ్జిగ ఒకరు తాగుతూ, ఒకరి కాలేజీని ఒకరు తిట్టుకోకుండా తిట్టుకోవాలి. నోట్లో నాలుక లేని మాణిక్యాలరావు లూనా వేసుకుని రెండు నెలలు తిరిగాడు. అందరికీ కంప్యూటర్లే కావాలి. గింజలు మొలిపించడానికి డిగ్రీ ఎందుకండీ, మా తాత ఏం చదివేడని, అని నవ్వేవాళ్లు. జులై రెండో వారానికి తొమ్మిది పేర్లయ్యాయి. పదోది దొరకలేదు.

అబ్బులు పెద్దమ్మాయి భూలక్ష్మి ఇంటర్ మంచి మార్కులతో పాసైందని విని ఆత్రేయపురం వెళ్లాడు. అప్పటికే అమలాపురంలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ గ్రూపుకి ఆమె దరఖాస్తు పెట్టి ఉంది. భూలక్ష్మికి టీచరు అవ్వాలని. అది ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. చిన్నప్పుడు కొబ్బరి చెట్ల మొదళ్లకి నంబర్లు వేసి హాజరు పిలిచేదట. మాణిక్యాలరావు తన కోర్సు గురించి చెప్పాడు. ఆమె గుమ్మం పక్కన నిలబడి వింది. అబ్బులు అంతా విని ఒక్కటే అడిగాడు.

"మా అమ్మాయికి టీచరవ్వాలనండి. ఇది చదివితే బీఈడీకి అడ్డు రాదు కదండీ?"

"రాదండి. డిగ్రీ డిగ్రీయే కదా," అన్నాడు మాణిక్యాలరావు.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆయన నిజంగా అలాగే అనుకున్నాడు. కనుక్కుని చెబుతానని ఒక్కమాట అని ఉంటే సరిపోయేది, కానీ కనుక్కుని వచ్చేసరికి ఆ పదో పేరు అమలాపురం వెళ్లిపోతుందని భయం. అబ్బులు ఇంకేం అడగలేదు. "తమరు చెప్పేక ఇంకేటుందండీ" అని అమలాపురం దరఖాస్తు మడిచి చూరులో దోపాడు.

ఆగస్టు పదిహేను జెండా పండగ అయిన మర్నాడు, కాలేజీ ఆఫీసు గుమాస్తా దొరబాబు ఏదో బీఈడీ పరీక్ష పుస్తకం తిరగేస్తూ, ఇది చూసేరా మాస్టారూ అని ఒక పేజీ చూపించాడు. బళ్లో జీవశాస్త్రం చెప్పే టీచరు కావాలంటే డిగ్రీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం రెండూ చదివి ఉండాలని అందులో ఉంది. భూలక్ష్మి చదివే మూడింటిలో జంతుశాస్త్రం లేదు. మాణిక్యాలరావు ఆ రెండు లైన్లూ నాలుగుసార్లు చదివి, పుస్తకం మూసి దొరబాబుకి ఇచ్చేశాడు.

గ్రూపు మార్చుకోవడానికి నెలాఖరు దాకా గడువుంది. లెక్చరరు సంతకం పెట్టిన కాగితం ఒకటి ఆఫీసులో ఇస్తే చాలు, అదే కాలేజీలో జువాలజీ ఉంది. ఆ పిల్లను పిలిచి ఒక్కమాట చెబితే అయిపోయేది. అప్పుడు తొమ్మిది మంది మిగులుతారు. ఆ తొమ్మిది మందినీ ఏదో ఒక గ్రూపులో సర్దేస్తారు, సైకిల్ షెడ్డులో మళ్లీ సైకిళ్లు పెడతారు, ముప్పై ఏడేళ్ల మాణిక్యాలరావు మళ్లీ వరండాలో నిలబడతాడు.

ఆ పదిహేను రోజులూ ఆయన అడకత్తెరలో పోకచెక్కలా నలిగాడని చెప్పి జాలి పుట్టించవచ్చు. నలిగిన మాట నిజమే. కానీ నలిగినవాళ్లందరూ నోరు మూసుకోరు. ఆయన మూసుకున్నాడు. భవానీదేవికి కూడా చెప్పలేదు. నిబంధనలు ఏటా మారుతూనే ఉంటాయి, ఈ పిల్ల మూడేళ్ల తర్వాత కదా రాసేది, అప్పటికి మారిపోతుందిలే అని తనకు తాను చెప్పుకున్నాడు. మా కోర్సు పిల్లలకు బీఈడీలో అవకాశం ఇవ్వండని యూనివర్సిటీకి ఒక ఉత్తరం రాసి పోస్టు చేశాడు కూడా. నెలాఖరు వెళ్లిపోయింది. పది పేర్ల జాబితా వెళ్లింది. బుచ్చిరాజు గారు భుజం తట్టారు. తేలు కుట్టిన దొంగలా ఆయన నవ్వాడు.

మూడేళ్లూ భూలక్ష్మికి ఆయన చెప్పినంత శ్రద్ధగా ఎవరికీ చెప్పలేదు. అడక్కుండానే పుస్తకాలు తెచ్చిచ్చేవాడు, ఆమె సందేహాలకి సాయంత్రాలు ఆగి జవాబు చెప్పేవాడు. ఆమె కూడా గింజలు పేర్చడంలో ఆయనంతటిదయింది. యూనివర్సిటీకి ఇంకో రెండు ఉత్తరాలు రాశాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. క్యాన్వాసింగుకి వెళ్లినప్పుడు టీచరవ్వాలనుకునే పిల్లలున్న ఇంటి గుమ్మం మాత్రం మళ్లీ ఎక్కలేదు.

రెండువేల రెండులో భూలక్ష్మి ఫస్ట్ క్లాసులో పాసైంది. బీఈడీ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. రాజమండ్రిలో సర్టిఫికెట్లు చూసే రోజున వెనక్కి పంపేశారు.

అబ్బులు మర్నాడు పొద్దున్నే మాణిక్యాలరావు ఇంటికొచ్చాడు. తిట్టడానికి వచ్చాడనుకుని ఆయన లోపల్నుంచి రావడానికి ఆలస్యం చేశాడు. అబ్బులు వచ్చింది తిట్టడానికి కాదు. వాళ్లకేదో పొరపాటయిందండి, తమరోసారి వచ్చి చెబితే ఒప్పుకుంటారు, అన్నాడు. భూలక్ష్మితో కలిసి ముగ్గురూ రావులపాలెం మీదుగా రాజమండ్రి బస్సులో వెళ్లారు. దారి పొడుగునా అబ్బులు ధైర్యంగానే ఉన్నాడు, పక్కన మాస్టారున్నారు కదా అని. అక్కడి అధికారి మంచివాడే. పుస్తకం తీసి, ఆ పేజీ విప్పి, బల్ల మీద వీళ్ల వైపు తిప్పి పెట్టాడు. మాణిక్యాలరావు కళ్లజోడు తీసి తుడుచుకుని, మొదటిసారి చదువుతున్నట్టు చదివాడు. జీవితంలో ఆయన ఆడిన అసలు అబద్ధం అదే. నోటితో ఆడింది కూడా కాదు.

మీరు లెక్చరర్ కదా, ఈ సంగతి మీకు తెలియదా అని ఆ అధికారి అడిగాడు. జవాబు అబ్బులు చెప్పాడు.

"ఆరికెలా తెలుస్తాదండీ. ఆరు గింజల మేస్టారు. తెలిస్తే చెప్పకుండా ఉంటారేటండి?"

తిరుగు బస్సులో భూలక్ష్మి కిటికీ పక్కన కూర్చుంది. గోదావరి వంతెన మీద జనం చిల్లర పైసలు నీళ్లలోకి విసిరి దండం పెట్టుకుంటుంటే, ఆమె చేతులు ఒళ్లోనే పెట్టుకుంది.

మరుసటేడు మళ్లీ తొమ్మిది పేర్లే వచ్చాయి. జులై చివర్లో ఒకరోజు అబ్బులు తన రెండో కూతురు ప్రశాంతిని వెంటబెట్టుకుని సైకిల్ షెడ్డు దగ్గరకొచ్చాడు. కోర్సు ఎత్తేస్తారని ఊళ్లో అనుకుంటున్నారట, పదో మనిషి లేక. "మా చిన్నమ్మాయిని రాసేసుకోండి మేస్టారూ. తమరు ఉండాలండి" అన్నాడు. ప్రశాంతి కొత్త చెప్పులేసుకుని వచ్చింది. ఇక్కడొద్దండి, అమలాపురంలో చేర్పించండి, జువాలజీ ఉన్న గ్రూపులో, అన్నాడు మాణిక్యాలరావు. అబ్బులు ఎందుకండీ అన్నాడు. ఎందుకో మాస్టారు చెప్పలేకపోయాడు. మా పిల్ల తమరికి సరిపడదాండీ అని అబ్బులు చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. ఆ ఆగస్టులో పది పేర్ల జాబితా వెళ్లలేదు. రేకు బోర్డు దించేశారు.

ఆయనకు రావులపాలెంలో ఒక విత్తనాల కొట్లో పని దొరికింది. రైతులకి సంచీలు చూపించడం, వాటి మీది మొలక శాతం చదివి చెప్పడం. ఇంటి దగ్గర భవానీదేవి, ఆ పిల్లను చేర్చుకుంటే ఏం పోయేదని ఒకసారి అడిగింది. అప్పుడు మొత్తం చెప్పాడు. ఆమె, నాకు చెప్పి ఏం లాభం, చెప్పాల్సిన చోట చెప్పి రండి, అంది.

చెప్పడానికి ఇంకో అయిదు నెలలు పట్టింది. జనవరిలో ఒక ఆదివారం పొద్దున్న ఆత్రేయపురం వెళ్లాడు. అబ్బులు చేలో ఉన్నాడు, భూలక్ష్మి తల్లి పూతరేకులు ఇచ్చి రావడానికి మిఠాయి కొట్టుకి వెళ్లింది. పెరటి వసారాలో భూలక్ష్మి పూతరేకులు తీస్తోంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరి మట్టలు మండుతున్నాయి. పల్చటి గుడ్డను పిండి నీళ్లలో ముంచి, కుండ వీపు మీద ఒక్క లాగు లాగి, రేకు విడగానే రెండు చేతులతో ఎత్తి పక్కన పరుస్తోంది. ఆయన్ని చూసి లేవబోయింది. కూర్చోమ్మా అని ఆయన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఇంటి దగ్గర పిల్లలకి ట్యూషన్లు చెబుతున్నావటగా అన్నాడు. చెబుతున్నానండి, అయిదో తరగతి దాకా, అంది.

"భూలక్ష్మీ, ఆ నిబంధన సంగతి నాకు ముందే తెలుసమ్మా. నువ్వు చేరిన ఏడు ఆగస్టులోనే తెలుసు. గ్రూపు మార్చుకోవడానికి ఇంకా పదిహేను రోజులుంది. నువ్వు పదోదానివి. అందుకని చెప్పలేదు."

ఆమె గుడ్డ ముంచింది, లాగింది, రేకు తీసింది. ఆయన ఏడుపు ఆపుకోవడానికి మంట వైపు చూశాడు. తిడితే బాగుండునని ఆ మనిషికి నిజంగా అనిపించింది.

"నాకు తెలుసండి," అంది ఆమె.

ఆయన తల ఎత్తాడు.

"ఆ పుస్తకం దొరబాబు గారు నాకూ చూపించేరండి. మీ మాస్టారూ చూసేరమ్మా అన్నారు. మార్పు కాగితం రాసుకున్నానండి, తమరి సంతకం ఒక్కటే కావాలి. నేనొచ్చి అడిగితే తమరు మా నాన్నగారితో చెప్పిన మాట అబద్ధమన్నట్టు ఉంటుంది కదండీ. తమరే పిలిచి చెబుతారని చూసేను. చెప్పలేదంటే, తమరికి తెలిసిన దారి ఇంకేదో ఉండే ఉంటుందనుకున్నానండి."

కొబ్బరి మట్ట చివర కాలిపోయి బయటికి జారింది. ఆమె దాన్ని కాలితో లోపలికి నెట్టి మళ్లీ గుడ్డ ముంచింది.

"ఆఖరి రోజు ఆఫీసు మూసేదాకా వరండాలో కూర్చున్నానండి, ఆ కాగితం పట్టుకుని."

మాణిక్యాలరావుకి ఆ సాయంత్రం గుర్తుంది. నాలుగున్నరేళ్లుగా అది గుర్తు రాని రోజు లేదు. చెప్పక తప్పలేదు.

"ఆ రోజు నేను వెనక గేటు నుంచి వెళ్లిపోయానమ్మా."

"ఆయ్, చూసేనండి," అంది భూలక్ష్మి.